పొడుగమ్మాయి చదువు

ఆ హోటల్ లాండ్రీలో ఆమెను అందరూ పొడుగమ్మాయి అనేవారు. ముప్పై దాటి, చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్నా వాళ్లకు అమ్మాయే. అసలు ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించిందే ఆ పొడుగు.

అంతకు ముందు చాలా గుమ్మాలు ఎక్కి దిగింది. ఫిజిక్స్‌లో పీజీ చేసింది, ఫస్ట్ క్లాసు. పెళ్లయిన కొత్తలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. ఆ బడిలో పిల్లలు తగ్గిపోయి రెండు సెక్షన్లు ఒకటయ్యాయి. ఆ ఒకటీ పలచబడిపోయాక యాజమాన్యం టీచర్లందరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, దండం పెట్టి పంపేసింది. ఆ తర్వాత మందుల దుకాణంలో అడిగితే, "ఇంత చదువుకున్నవారు ఇక్కడెక్కడ నిలబడతారమ్మా, చెయ్యి తిరిగేలోపే వెళ్లిపోతారు" అన్నారు. ఫోన్లు ఎత్తే కంపెనీలోనూ అదే మాట, కాకపోతే ఇంగ్లీషులో. చదువుకు తగ్గ ఉద్యోగం అడిగితే అనుభవం చాలదన్నారు. తగని ఉద్యోగం అడిగితే చదువు ఎక్కువైందన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భర్త బీకాం. పోటీ పరీక్షలు రాస్తున్నాడు. పెళ్లినాటికీ రాస్తున్నాడు, ఇప్పటికీ రాస్తున్నాడు. "చదువుకున్నవాడు చిల్లర పనులకి పోతే చదువుకే అవమానం" అనేవాడు. అవమానం లేకుండా ఇంట్లో కూర్చునేవాడు.

ఒక రోజు హోటల్ వెనక గేటు దగ్గర లాండ్రీలో మనుషులు కావాలని బోర్డు చూసి ఆమె లోపలికి వెళ్లింది. ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల హోరు. ఆ హోరులోంచి ఒక బొద్దుపాటి మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆమే లాండ్రీ ఇన్‌చార్జి. అందరికీ పెద్దక్క.

"అబ్బో, తాడిచెట్టులా ఉన్నావే! చెయ్యి పైకెత్తు చూద్దాం."

ఎత్తింది.

"డబుల్ దుప్పటి నేలకి తగలకుండా పట్టుకోగలవు. బాగుంది. ఏం చదువుకున్నావు?"

అబద్ధం చెప్పాలని ఆమె అనుకుని రాలేదు. నోరు తెరిస్తే అదే వచ్చింది. "పది."

"పదా? చాల్లే, ఎక్కువే. రేపు పొద్దున వచ్చెయ్."

ఇన్నేళ్ల చదువు ఇప్పించలేని ఉద్యోగం ఆరడుగుల ఎత్తు అరనిమిషంలో ఇప్పించింది. బస్సులో కూర్చుని ఆమె నవ్వుకుంది. కూటి కోసం కోటి విద్యలంటారు. ఆమె కూటి కోసం ఉన్న ఒక్క విద్యనూ దాచుకోవాల్సి వచ్చింది.

లాండ్రీలో అసలు పనంతా రోలర్ దగ్గర. గది పొడవునా ఉండే వేడి గొట్టం అది. తడి దుప్పటిని ఇద్దరు చెరో మూల పట్టుకుని అంచు సరిచూసి లోపలికి అందించాలి. అవతలి వైపు నుంచి ఇస్త్రీ అయి వచ్చిన దాన్ని ఇంకో ఇద్దరు అందుకుని మడవాలి. మొదటి వారం పొడుగమ్మాయి వేళ్లు కాలాయి. "దుప్పటిని లాగకే, దానికి దారి చూపించు, అదే పోతుంది" అని పెద్దక్క పక్కన నిలబడి నేర్పింది. మడత దగ్గర వాళ్లిద్దరిదీ జోడీ. దుప్పటి చాచి పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడిచి, అంచులు కలిపి, విడిపోయి, మళ్లీ నడిచేవారు. దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక మాట. రోజంతా అలా ముక్కలు ముక్కలుగా కబుర్లు సాగేవి. పెద్దక్క మొగుడు పోయిన సంగతి, కూతురు కాలేజీలో చేరిన సంగతి, ఆ పిల్ల పొద్దున లేవడానికి పెట్టే పేచీ, అన్నీ ఆ దుప్పట్ల మధ్యే తెలిశాయి. పొడుగమ్మాయి మాత్రం ఇంటి సంగతులు చెప్పేది కానీ చదువు ఊసెత్తేది కాదు.

అయినా దాచాలంటే దాగుతుందా? ఒక రోజు కొత్త మరకల మందు డ్రమ్ము వచ్చింది. యంత్రం నడిపే మనిషి పాత బ్లీచింగ్ ద్రావణంలోనే దాన్ని ఒంపబోతుంటే పొడుగమ్మాయి పెద్దగా అరిచింది. "ఆగన్నా! ఆ రెండూ కలిపితే విషవాయువు వస్తుంది!" డ్రమ్ము మీద చీమల బారులా ఉన్న ఇంగ్లీషంతా గడగడా చదివి అర్థం చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

మధ్యాహ్నం మడత దగ్గర పెద్దక్క అడిగింది. "పది ఏ బళ్లో చదివావే?"

"మా ఇంటి దగ్గరే."

"మంచి బడే." అంచులు కలిపి వెనక్కి నడిచింది. మళ్లీ దగ్గరికొచ్చాక అంది. "మా అమ్మాయిని కూడా అందులోనే వేయాల్సింది."

అంతే. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత హోటల్ చేతులు మారింది. కొత్త కంపెనీ ముందు గోడలకు రంగులు వేయించింది, తర్వాత మనుషుల మీద పడింది. ఒక కుర్ర మేనేజరు లాప్‌టాప్ పట్టుకుని లాండ్రీకి వచ్చాడు. రోలర్ దగ్గర ఇద్దరు కావాలని ప్రకటన వేస్తే వరస వీధి మలుపు దాటింది. అందులో సగానికి పైగా డిగ్రీ వాళ్లు. ఇంజినీరింగ్ వాళ్లు కూడా ఉన్నారు. గేటు దగ్గర కాపలా మనిషి ఆ వరస చూసి, "ఇదేదో కాలేజీ స్నాతకోత్సవంలా ఉందే" అన్నాడట.

ఆ వరస చూశాకే పైవాళ్లకు ఆలోచన పుట్టింది. మేనేజరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఇకమీదట ఇన్‌చార్జి పోస్టుకి డిగ్రీ తప్పనిసరి. నెలాఖరు లోపు మారుస్తాం."

"పని ఏమైనా మారిందా బాబూ?" అని పెద్దక్క అడిగింది.

"పని అదేనమ్మా." అతను లాప్‌టాప్ మూశాడు. "డిగ్రీ వాళ్లు దొరుకుతున్నారు. దొరుకుతున్నప్పుడు ఎందుకు తీసుకోకూడదని పైన అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు."

ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో అందరూ వెళ్లేదాకా పెద్దక్క కదల్లేదు. చెప్పులు వేసుకుంటున్న పొడుగమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు డిగ్రీ చదివావు కదే."

పొడుగమ్మాయి తలొంచుకుంది. "పీజీ, పెద్దక్కా."

"పీజీయా!" పెద్దక్క నోరు తెరిచి, మూసి, ఫక్కున నవ్వింది. "నేనింకా ఉత్త డిగ్రీయే అనుకున్నా. దొంగమొహమా! ఇన్నాళ్లూ పీజీ చేత మరకలు తోమించానా?" నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. "వెళ్లి చెప్పు. ఎవడో పై నుంచి వచ్చి నెత్తినెక్కే బదులు నువ్వుంటే నయం. నువ్వుంటే నన్ను ఈ రోలర్ దగ్గరే ఉండనిస్తావు. ఉండనిస్తావా?"

"అదేం మాట పెద్దక్కా? నీ చోటు ఎక్కడికి పోతుంది?"

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు మేనేజరు ముందు నిలబడింది. అతను ఆమె చెప్పింది విని కళ్లజోడు తీశాడు.

"ఫిజిక్స్‌లో పీజీయా? మరి చేరేటప్పుడు పది అని ఎందుకు చెప్పారు?"

"నిజం చెప్పిన చోటల్లా వద్దన్నారు సార్."

అతనికి నవ్వొచ్చింది. "నేను సివిల్ ఇంజినీరునండీ. వంతెనలు కడదామనుకున్నాను. తువ్వాళ్లు లెక్కపెడుతున్నాను." ఒక్క క్షణం ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డవాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అతను మళ్లీ మేనేజరయ్యాడు. "సరే. వచ్చే వారం నుంచి మీరే ఇన్‌చార్జి."

ఇంట్లో భర్త ఆనందానికి హద్దు లేదు. "చూశావా? బంగారం మట్టిలో పడితే మట్టవుతుందా? చదువు ఊరికే పోదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా" అని బంధువులందరికీ ఫోన్లు చేశాడు. వాళ్లకు ఇన్నాళ్లూ ఆమె హోటల్ అకౌంట్స్‌లో ఉందనే చెప్పాడు కాబట్టి, ఇప్పుడు అడ్మినిస్ట్రేషన్‌లోకి మారిందన్నాడు. జీతం పెరిగిందా అని ఆయన అడగలేదు. పెరగలేదని ఆమె చెప్పలేదు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ఇన్‌చార్జి బిళ్ల పొడుగమ్మాయి మెడలో ఉన్నా, మాట పెద్దక్కదే. కొత్తగా చేరిన డిగ్రీ పిల్లలు కూడా వేలు కాలితే పెద్దక్క దగ్గరికే పరిగెత్తేవారు. అయితే ఇన్‌చార్జి మడతలో నిలబడకూడదట. బల్ల దగ్గర కూర్చుని లెక్కలు ఎక్కించాలట. కాబట్టి దుప్పటి అవతలి అంచు వేరే పిల్ల చేతికి పోయింది. ముక్కలు ముక్కలుగా సాగే ఆ కబుర్లు కూడా పోయాయి. సాయంత్రం గేటు దగ్గర కలిసినప్పుడు ఇద్దరికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండో ఉత్తర్వు వచ్చింది. పది పాస్ కానివాళ్లను కాంట్రాక్టు కిందకు మార్చి, మాసిన బట్టల గదికి పంపాలి. లాండ్రీలో పది పాస్ కానివాళ్లు ముగ్గురే. అందులో పెద్దక్క ఒకరు.

మాసిన బట్టల గది నేలమాళిగలో ఉంటుంది. కిటికీ ఉండదు. పై అంతస్తుల నుంచి మూటలు జారిపడుతుంటాయి. జనం వదిలేసిన కంపంతా అక్కడే విప్పాలి. ఆ వయసులో, ఆ మోకాళ్లతో పెద్దక్క అక్కడ వంగి లేవగలదా? పొడుగమ్మాయి మేనేజరు గదికి దాదాపు పరిగెత్తింది.

"సార్, ఆవిడ లేకపోతే రోలర్ నడవదు. కొత్తవాళ్లందరికీ పని నేర్పింది ఆవిడే. నాకూ ఆవిడే నేర్పింది. నేను హామీ ఉంటాను, సంతకం పెట్టమన్నా పెడతాను."

అతను విసుక్కోలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. "మేడమ్, మీ మాటని పైకి రాశాననుకోండి. వాళ్లు మీ ఫైలు తీస్తారు. చేరేటప్పుడు చదువు గురించి అబద్ధం చెప్పిన మనిషి హామీ ఎలా నమ్మామని నన్ను అడుగుతారు. ముందు మీ ఉద్యోగానికే ఎసరొస్తుంది. ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంది. కుర్చీ వెనక నిలబడి, కిటికీలోంచి కింద ఆరేసిన తువ్వాళ్లు చూస్తూ, ఇంట్లో పుస్తకాల ముందు కూర్చున్న మనిషిని తలచుకుంటూ ఆలోచించుకుంది. తర్వాత "సరే సార్" అంది.

ఆ సంగతి తనే వెళ్లి చెప్పింది. పెద్దక్క చేతిలో దుప్పటి ఉంది. ఆ మడత పూర్తి చేసి, బల్ల మీద పెట్టి, అరచేత్తో ఒకసారి నిమిరింది.

"నువ్వడిగావా?"

"అడిగాను."

"గట్టిగా అడిగావా?"

పొడుగమ్మాయి మెడలోని బిళ్లను వేళ్లతో తిప్పింది. పెద్దక్క కొక్కేనికి తగిలించిన సంచి తీసుకుని మెట్లు దిగింది.

కిందకు వెళ్లాక ఆమె పైకి రావడం తగ్గింది. ఎవరో గుడ్డలో వదిలేసిన బ్లేడు చీరుకుని అరచేతికి కుట్లు పడ్డాయని తెలిసి పొడుగమ్మాయి మందు పట్టుకెళితే, "పర్లేదులే మేడమ్" అంది. వెటకారంగా కాదు, అలసటగా అంది. అలా అనడమే భరించలేకపోయింది పొడుగమ్మాయి. వానాకాలం పోయాక ఒక సోమవారం గేటు దగ్గర హాజరు యంత్రానికి పెద్దక్క తన కార్డు పెడితే పచ్చ దీపం వెలగలేదు. రెండోసారి పెట్టినా వెలగలేదు. కాంట్రాక్టు ముగిసిందని కాపలా మనిషే చెప్పాడట. ఆ సమయంలో పొడుగమ్మాయి లోపల తువ్వాళ్ల లెక్క ఎక్కిస్తోంది. మధ్యాహ్నం దాకా ఆమెకు తెలియనే లేదు.

పొడుగమ్మాయి ఇన్‌చార్జిగిరీ కూడా ఎన్నాళ్లో నిలవలేదు. రోలర్ పైన ఒక తెర బిగించారు. ఎన్ని దుప్పట్లు వెళ్లాయో, ఎవరు ఆలస్యం చేశారో అదే లెక్కపెట్టి అదే చూపిస్తుంది. లెక్క రాసే మనిషి అవసరం తీరిపోయింది. మేనేజరు పిలిచి, "పోస్టు తీసేశారు మేడమ్. మిమ్మల్ని మాత్రం తీసేయనివ్వలేదు, పీజీ ఉందని చెప్పి రోలర్ దగ్గర ఉంచాను" అన్నాడు. తనకు చేతనైన మేలు చేసిన మనిషి ముఖంలో ఉండే తృప్తి అతని ముఖంలో ఉంది. ఆమె థాంక్స్ చెప్పింది. ఇంట్లో భర్తతో చెబితే ఆయన పుస్తకంలోంచి తలెత్తి, "తాత్కాలికమేలే" అని మళ్లీ తల దించుకున్నాడు. బంధువులకు ఈసారి ఫోన్లు చేయలేదు.

ఇప్పుడు రోలర్ దగ్గర నలుగురు. నలుగురూ చదువుకున్నవాళ్లే. ఎదుటి మూల పట్టుకునే పిల్ల ఎంబీఏ. ఆ పిల్ల మాట్లాడదు. తెర వైపు చూస్తూ పనిచేస్తుంది.

ఒక సెలవు రోజున పొడుగమ్మాయి పెద్దక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. టైర్ల దుకాణం పైన రెండు గదులు. ఇనుప మెట్లు. పెద్దక్క తలుపు తీసి కాసేపు చూసి, "రా" అంది. కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. ఇప్పుడు నాలుగు అపార్టుమెంట్లలో మెట్లు తుడుస్తోందట. అరచేతిలో కుట్ల గీత తెల్లగా మెరుస్తోంది. మూల బల్ల దగ్గర కూతురు చదువుకుంటోంది. ఆ గదిలో ఉన్న ఒక్క మంచి దీపం ఆ బల్ల మీదే ఉంది.

టీ తాగుతుండగా పెద్దక్క మాట కొంచెం కరిగింది. "ఇదిగో, దీనికి ఆఖరి సంవత్సరం. పీజీ చేయవే అంటే నసుగుతోంది. నువ్వు చెప్పు. నీలాంటిది చెబితే వింటుంది."

పిల్ల తలెత్తి చూసింది. పొడుగమ్మాయి గ్లాసు కింద పెట్టింది. ఒకసారి అబద్ధం చెప్పి ఇంత తెచ్చుకుంది. ఈ ఇంట్లోనైనా నిజం చెప్పాలనుకుంది.

"వద్దు పెద్దక్కా. ఇంకో రెండేళ్లు ఆ చదువు మీద పోయకు. నేను చేసి ఏం బావుకున్నాను? ఇన్‌చార్జి పోస్టు తీసేశారు. మళ్లీ రోలర్ దగ్గరే ఉన్నా. నా ఎదురుగా నిలబడే పిల్ల ఎంబీఏ. దుప్పటి మూల పట్టుకోవడానికి ఎంబీఏ ఎందుకక్కా? చదువుకి విలువ పోయింది."

పెద్దక్క తన గ్లాసూ కింద పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"ఇద్దరం ఒకే దుప్పటి మడిచాం. నాకు తిరిగినంత చెయ్యి నీకు తిరగలేదు. అది నీకూ తెలుసు. మరి నువ్వు లోపలెందుకున్నావు, నేను బయటెందుకున్నాను?"

"పెద్దక్కా..."

"చదువుంటే ఏమీ రాదని నువ్వంటున్నావు. లేకపోతే ఏమవుతుందో నన్ను చూడు. నీకు రోలరైనా మిగిలింది. నాకు మెట్లు మిగిలాయి. రేపు దీనికి ఏం మిగలాలి?" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నిన్ను ఆ కుర్చీలో కూర్చోమని పంపింది నేను. నన్ను కిందకి పంపుతుంటే నీ నోరు పెగల్లేదు. ఇవాళ నా కూతురికి చదువు వద్దని చెప్పడానికి మాత్రం ఇంత దూరం వచ్చావు."

"అందుకు కాదక్కా, ఒట్టు..."

"వెళ్లిరామ్మా. పొద్దుపోయింది."

తను చెప్పింది అక్షరాలా నిజం. పెద్దక్క అన్నదీ అక్షరాలా నిజమే. రెండూ ఒకే గదిలో పట్టలేదు. పొడుగమ్మాయి చెప్పులు వేసుకుని ఇనుప మెట్లు దిగింది. వెనకాలే అడుగుల చప్పుడు. పిల్ల వచ్చింది.

"పిన్నీ, అమ్మ మాటలు పట్టించుకోకండి." టైర్ల దుకాణం షట్టర్‌కు ఆనుకుని నిలబడింది. "మీరు చెప్పింది నాకు తెలుసు. మా సీనియర్లందరూ ఖాళీగానే ఉన్నారు. కానీ అమ్మకి ఏమని చెప్పను? మెట్లు తుడిచి వచ్చి నేను చదువుతుంటే చూస్తూ నిద్రపోతుంది. ఆ కాస్త కూడా లేకుండా ఎలా చేయను?"

పొడుగమ్మాయి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"పిన్నీ, డిగ్రీ అయిపోయాక మీ దగ్గర ఖాళీ ఉంటే కబురు చేస్తారా? అమ్మకి తెలియకుండా."

"చేస్తాను" అంది.

పైనుంచి పెద్దక్క గొంతు వినిపించింది. "వెళ్లిపోయిందా? ఇంక రా, చదువుకో."

ఆ పిల్ల డిగ్రీ ఫలితాలు వచ్చిన నెలలోనే లాండ్రీలో ఒక ఖాళీ వచ్చింది. పొడుగమ్మాయి మాట ప్రకారం ఫోన్ చేసింది. పిల్ల కొత్త సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి, వరసలో సాయంత్రం దాకా నిలబడింది. పొడుగమ్మాయి మేనేజరుతో ఒక మాట చెప్పి చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఉత్త డిగ్రీలు చాలా ఉన్నాయని, పీజీ చేసిన ఒకబ్బాయిని తీసుకున్నారు.

పిల్ల ఇంటికి వెళ్లి, తల్లి చెప్పినట్టే పీజీలో చేరింది.